పేటలలోని చిన్న ఉద్యానవనములు: వాని పునరుద్ధరణమున పౌరుల పాత్ర

తటాకము, ధననిక్షేపము, అగ్రహారము, దేవాలయము, వనము, కృతి, పుత్రుడు అను ఏడింటిని సప్తసంతానములని పూర్వులు వ్యవహరించిరి. మనుజుడు లోకమును విడిచిన పిదప అతని పేరు నిలుపునవి ఇవియే యని వారి విశ్వాసము. ఊరివారికి నీడనిచ్చు తోటకు ఈ ఏడింటిలో స్థానము లభించుట గమనింపదగిన విషయము. ఐతే బిడ్డయైనను, తోటయైనను పుట్టినంతమాత్రమున పని ముగియదు. పెంచువారు కావలెను. ఈ సంగతి పూర్వులకు చక్కగ తెలియును. కడప మండలములోని పోరుమామిళ్ల చెరువుకట్ట చెంతనున్న క్రీ. శ. 1369 నాటి శాసనము చెరువునకు ఉండవలసిన పండ్రెండు అంగములను, ఉండగూడని ఆరు దోషములను వరుసగ పేర్కొనుచున్నది. చెరువు త్రవ్వించిన వారికి, బాగుచేయించిన వారికి దశబంధ మాన్యము నిచ్చి, కట్టను తూములను సరిచూచుకొను బాధ్యతను ఆ మాన్యముతో ముడివేయు ఆచారము రాయలసీమలో విస్తారముగ నుండెను. నిర్మాణము ఒకనాటి కార్యము. పోషణము అనుదిన కార్యము. ఈ రెండవదానికి వేరుగ ఏర్పాటు లేనిచో మొదటిది నిష్ఫలమగునని దశబంధము యొక్క తాత్పర్యము.

నేటి నగరములలో పేటపేటకు కనబడు చిన్న ఉద్యానవనములకు కొరవడినది ఈ దశబంధమే. స్థలము కలదు, ప్రహరి కలదు, ద్వారముపై పేరు కలదు, ప్రారంభోత్సవపు శిలాఫలకము కలదు. ఏటేట దానిని కనిపెట్టి చూచువారు మాత్రము లేరు. తెలుగువారు తరతరములుగ స్థిరపడిన చెన్నపట్టణము, బెంగుళూరు, ముంబయి నగరముల అనుభవములను ఆధారముగ గొని, చిన్న ఉద్యానవనములు ఎట్లు క్షీణించుచున్నవో, ఎట్లు పునరుజ్జీవితములగుచున్నవో, అందు సామాన్య పౌరుల పాత్ర యెట్టిదో వివరించుట ఈ వ్యాసోద్దేశము.

చట్టము ఇచ్చినదేమి?

చిన్న ఉద్యానవనము సాధారణముగ ఎవరి దయాధర్మమువలనను ఏర్పడునది కాదు. భూమిని ఇండ్లస్థలములుగ విభజించునప్పుడు కొంతభాగమును ప్రజల ఉపయోగమునకై విడువవలెనను నిబంధన వలన ఏర్పడునది. చెన్నై మహానగర ప్రాంతమున 10,000 చదరపు మీటర్లకు మించిన స్థలమును అభివృద్ధి చేయువారు అందు నూటికి 10 వంతుల భూమిని ఖాళీస్థలముగ స్థానిక సంస్థకు దానపత్రము ద్వారా అప్పగింపవలసియున్నది. కావున పేటలోని ఉద్యానవనపు వెల ఆ పేటలో ఇండ్లస్థలములు కొనినవారు ఒకపరి చెల్లించియే యున్నారని చెప్పవచ్చును.

ఇట్లు ఏర్పడిన స్థలములను కాపాడుటకు తమిళనాట 1959లోను, కర్ణాటకమున 1985లోను ఉద్యానవనముల, క్రీడాస్థలముల, బహిరంగస్థలముల పరిరక్షణ చట్టములు చేయబడినవి. 1992 నాటి 74వ రాజ్యాంగ సవరణము వలన ఏర్పడిన పండ్రెండవ షెడ్యూలు పట్టణ స్థానిక సంస్థలకు అప్పగింపదగిన పనులలో ఉద్యానవనములను, తోటలను, ఆటస్థలములను చేర్చినది. మూడు లక్షలు, అంతకు మించిన జనసంఖ్య గల పురపాలక ప్రాంతములలో వార్డు కమిటీలు ఉండవలెనని 243-ఎస్ అధికరణము చెప్పుచున్నది. తమిళనాడు ప్రభుత్వము 2022లో వార్డు కమిటీలకును, ఏరియా సభలకును నియమములు ప్రకటించినది. పేటవాసులు తమ ఉద్యానవనమును గూర్చి అడుగుటకు, వినుటకు, తీర్మానించుటకు చట్టము ఒక వేదికను కల్పించినదన్నమాట.

ఐనను చట్టము స్థలమును నిలుపగలదే కాని చెట్టునకు నీరు పోయజాలదు. ఇచ్చటనే పౌరుల పని ఆరంభమగుచున్నది.

ఒక పెద్ద తోట కరగిపోయిన విధము

ప్రజలు కనిపెట్టియుండని తోట ఏమగునో చెన్నపట్టణ చరిత్రమే చెప్పుచున్నది. 1859లో మద్రాసు గవర్నరుగ వచ్చిన సర్ చార్లెస్ ట్రెవెల్యన్ నగరవాసుల విహారార్థమై పీపుల్స్ పార్కు అను విశాలోద్యానమును నెలకొల్పెను. అది నూరు ఎకరములకు మించినది. అందు కొలనులు, బాటలు, జంతుప్రదర్శనశాల ఉండెడివి. తరువాత 1880వ దశకమున విక్టోరియా పబ్లిక్ హాలు, 1900లో మూర్ మార్కెటు, 1913లో నగర కార్పొరేషను వారి రిప్పన్ భవనము, ఆ పిదప క్రీడారంగము ఒకదాని వెంబడి ఒకటి ఆ భూమిలో వెలసినవి. 1985లో మూర్ మార్కెటు అగ్నికి ఆహుతి కాగా ఆ స్థలము రైల్వేవారి అవసరములకు పోయినది. జంతుప్రదర్శనశాల వండలూరునకు తరలినది. నేడు పీపుల్స్ పార్కు పేరు పాతపటములలో వెదకవలసినదే. రిప్పన్ భవనము వెనుక నున్న మై లేడీస్ గార్డెను దాని శేషముగ మిగిలినది.

ఆ కట్టడములలో ఏ ఒక్కటియు నిరర్థకమైనది కాదు. సభాభవనము, అంగడి, పాలనాభవనము, రైలుస్టేషను, క్రీడారంగము అన్నియు నగరమునకు అవసరములే. ప్రమాదమంతయు అందే యున్నది. ఉద్యానవనములను దుష్కార్యములకై ఎవరును అడుగరు, సత్కార్యములకే అడుగుదురు. ప్రతి అడుగుదలకును సమంజసమైన కారణముండును. కాదనుటకు ఎవరును ముందునకు రానిచో భూమి తునుకతునుకగ చెల్లిపోవును.

ఇదే మాట నేటికిని వర్తించును. త్యాగరాయనగరమునకు ఆ పేరు ప్రసిద్ధుడైన పిట్టి త్యాగరాయ చెట్టిగారి వలన వచ్చినది. అందలి పానగల్ పార్కు 1921 మొదలు 1926 వరకు మద్రాసు రాజధానికి ప్రధానమంత్రిగ నుండిన పానగల్ రాజా పానగంటి రామారాయణింగారి పేరిట వెలసినది. చెన్నై మెట్రో రెండవ దశలో ఆచ్చట భూగర్భస్టేషను నిర్మాణమునకై ఉద్యానవనములో కొంతభాగమును ఈయవలసివచ్చినది. లక్షలాది ప్రయాణికులకు ఉపయోగపడు పని యది, ఆక్షేపింప నక్కరలేదు. కాని పనులు ముగిసిన పిదప ఎంత భూమి తిరిగి తోటయగునో, ఎన్ని చెట్లు తిరిగి నాటబడునో వ్రాతమూలముగ అడిగి తెలిసికొని గుర్తుంచుకొను బాధ్యత పేటవాసులది.

కాదన్నవారు సాధించిన ఫలితము

కాదనుటకు ముందునకు వచ్చినవారు ఏమి సాధింపగలరో బెంగుళూరు మెడికల్ ట్రస్టు వ్యాజ్యము తెలుపుచున్నది. రాజమహల్ విలాస్ విస్తరణములో ఉద్యానవనమునకై కేటాయించిన ఒక ఖాళీస్థలమును ఆసుపత్రి నిర్మాణమునకై ఒక ప్రైవేటు ట్రస్టునకు ఇచ్చిరి. ముఖ్యమంత్రి ఉత్తరువుపై ఆ కేటాయింపు జరిగినది. పేటవాసులు ఉన్నత న్యాయస్థానము నాశ్రయించిరి. మొదట వారి పక్షమున తీర్పు రాలేదు. పునర్విచారణలో ఇద్దరు న్యాయమూర్తుల ధర్మాసనము వారి వాదము నంగీకరించెను. 1991లో సర్వోన్నత న్యాయస్థానము ఆ తీర్పును స్థిరపరచినది.

ఆ వ్యాజ్యమున రెండు ప్రశ్నలు ముఖ్యములు. ఆసుపత్రియు ప్రజోపయోగమే గదా యనునది మొదటిది. ఒక ప్రజోపయోగమును చూపి మరియొక ప్రజోపయోగమును తుడిచివేయరాదనియు, ఖాళీస్థలము, స్వచ్ఛమైన గాలి, పిల్లల ఆటస్థలము అనునవి స్వతంత్రముగ ప్రజాహితములే యనియు న్యాయస్థానము భావించినది. పార్కు ఎవరి సొత్తును కానప్పుడు దానికై వ్యాజ్యము తెచ్చుటకు పేటవాసులకేమి అధికారమనునది రెండవ ప్రశ్న. ఆ ఉద్యానవనము ఎవరికై ఏర్పడినదో వారికే దానిని గూర్చి అడుగు హక్కు కలదని సమాధానము. చిన్న ఉద్యానవనముల చరిత్రలో ఈ సమాధానము మిక్కిలి విలువైనది.

లక్నో నగరములోని అమీనాబాదు ప్రాంతమునందలి పార్కు క్రింద నిర్మించిన భూగర్భ వాణిజ్యసముదాయమును తొలగించి, తిరిగి పార్కును యథాస్థితికి తెమ్మని 1999లో సర్వోన్నత న్యాయస్థానము తీర్పు చెప్పినది. కట్టడము లేచిన తరువాత ఏమియు చేయలేమను నిరాశకు తావులేదని దీనివలన తెలియుచున్నది.

ఆరు దోషములు

స్థలము దక్కిన పిదప తోట ఎందుకు పాడగుచున్నది? పోరుమామిళ్ల శాసనము చెరువునకు చెప్పినట్లుగనే నగరోద్యానములకును ఆరు దోషములను చెప్పవచ్చును.

మొదటిది నీటి కొరత. చాలచోట్ల గొట్టపుబావి ఎండినవెంటనే తోటయు ఎండుచున్నది. వాననీరు మాత్రము ద్వారముగుండ వీథికాలువలోనికి పోవుచున్నది. లెక్క వేసి చూడవచ్చును. చెన్నైలో ఏడాదికి సుమారు 1,400 మిల్లీమీటర్ల వర్షము కురియును. 2,000 చదరపు మీటర్ల చిన్న పార్కుపై ఆ వర్షము సుమారు 28 లక్షల లీటర్ల నీటిని కురిపించును. అందు సగము నేలలో ఇంకినను 14 లక్షల లీటర్లు. 12,000 లీటర్ల లారీలతో తెచ్చినచో నూటికి మించిన లారీలు కావలెను. 2015 డిసెంబరులో వరదలను, 2019 వేసవిలో నీటికరవును చూచిన నగరమునకు ఈ లెక్క వేరుగ బోధింపనక్కరలేదు. పల్లపు భాగమున వాననీటిని నిలిపి నేలలో ఇంకించు పార్కులను చెన్నై కార్పొరేషను ఇటీవల నిర్మించుట ఈ ఎరుక వలననే.

రెండవది సిమెంటు. పునరుద్ధరణమని చెప్పి చేయు పనులలో పెక్కు నిజమునకు పలకల పరుపు, ఫౌంటెను, తోరణద్వారము మాత్రమే. చెట్టు మొదలుచుట్టును సిమెంటు పోసినచో వేళ్ళకు గాలియు నీరును అందవు. పెనుగాలికి అట్టి చెట్టు సులభముగ కూలును. ఢిల్లీలో చెట్ల మొదళ్ళ చుట్టును ఒక మీటరు మేర సిమెంటును తొలగింపవలెనని 2013లో జాతీయ హరిత న్యాయాధికరణము ఆదేశించినది. ఈ ఒక్క నియమమును పాటించుటకు పెద్దవ్యయము అక్కరలేదు.

మూడవది తాళము. పార్కులో ఏదో అవాంఛనీయము జరిగినదని ద్వారము మూయుదురు. మూసిన తోటలోనికి మంచివారు రారు. గోడ దూకువారు మాత్రము వత్తురు. అంతట చెడ్డపేరు హెచ్చును, తాళము స్థిరపడును. కావలివాని కన్న నలుగురు వృద్ధులు కూర్చుండు బల్ల, పిల్లలాడు ఊయెల తోటకు మంచి కాపుదల.

నాలుగవది వెలుతురు, మరుగుదొడ్డి, త్రాగునీరు లేకుండుట. ఇవి లేనిచో స్త్రీలు, వృద్ధులు, చిన్నపిల్లల తల్లులు రాజాలరు. వారు రానిచోటు క్రమముగ ఎవరును రానిచోటగును.

ఐదవది పనివానికి నిలుకడ లేకుండుట. కాంట్రాక్టరు మారినప్పుడెల్ల తోటమాలియు మారుచుండిన, ఏ చెట్టునకు ఏ తెగులు వచ్చినదో ఎరిగినవాడు ఎవడును మిగులడు.

ఆరవది అడుగువారు లేకుండుట. తక్కిన ఐదు దోషములకు మూలమిదియే.

పునరుజ్జీవనమునకు రెండు మార్గములు

చెన్నపట్టణమున రెండు ఉద్యానవనముల వృత్తాంతము రెండు మార్గములను చూపును.

మైలాపూరులో లజ్ చర్చి రోడ్డు నందలి నాగేశ్వరరావు పార్కును ఎరుగని తెలుగువారు చెన్నైలో అరుదు. 1893లో అమృతాంజనమును, 1908లో బొంబాయిలో ఆంధ్రపత్రికను ఆరంభించి, 1914లో దానిని మద్రాసునుండి దినపత్రికగ వెలయించి, 1924లో భారతి మాసపత్రికను నెలకొల్పిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారి స్మారకమది. 1937 నవంబరులో శ్రీబాగ్ ఒడంబడిక జరిగిన వారి నివాసము ఆ వీథిలోనిదే. ఈ పార్కు పోషణమును కార్పొరేషను అనుమతితో సుందరం ఫైనాన్స్ సంస్థ స్వీకరించినది. బాటలు, మొక్కలు, శుభ్రత ఒక క్రమమునకు వచ్చినవి. నెలకొక ఆదివారము ఉదయమున చిన్నపిల్లలు ధ్వనివర్ధకము లేకుండ చెట్లనీడలో కచేరీ చేయు ఆచారము ఏర్పడినది. పాడు బిడ్డలతో తలిదండ్రులు వత్తురు. నడకకు వచ్చినవారు నిలిచి విందురు. ఉద్యానవనమును కాపాడునది ప్రహరికన్న ఇట్టి వాడుకయే.

రెండవది కొట్టూరుపురములోని వృక్షోద్యానము. అడయారునది చెంత చెత్త పేరుకొన్న ప్రభుత్వస్థలమును 2006 ప్రాంతమున నిళల్ అను స్వచ్ఛంద సంస్థ పౌరుల చేయూతతో చక్కదిద్దుట కారంభించెను. అక్కడ ఫౌంటెను లేదు, విదేశీ పచ్చిక లేదు. ఈ నేలకు సహజములైన చెట్లను నాటి, రాలిన ఆకులను కాల్చక ఎరువుచేసి, ఆదివారపు ఉదయములలో కార్యకర్తలు కూడి స్వయముగ త్రవ్వి, కలుపుతీసి, నీరుపోసి పెంచిరి. విద్యార్థులు, ఉద్యోగులు, విశ్రాంత జీవులు అందు పాలుపంచుకొనిరి. చెత్తకుప్ప క్రమముగ చిన్న అడవి యైనది.

మొదటి మార్గమున ధనము ముందు నడచినది. రెండవ మార్గమున చేతులు ముందు నడచినవి. రెంటికిని విలువ కలదు. ఐతే ధనమార్గమున ఒక జాగ్రత్త అవసరము. దత్తత తీసికొన్నవారు పోషకులే కాని యజమానులు కారు. ముంబయిలో బహిరంగస్థలములను సంస్థలకు దత్తత నిచ్చు విధానమును 2016లో నగరపాలక సంస్థ ఆమోదింపగా పౌరులు తీవ్రముగ ఆక్షేపించిరి. అంతకుముందు అప్పగించిన కొన్ని స్థలములలో క్లబ్బులు వెలసి సామాన్యులకు ప్రవేశము కరవైనదని వారి ఆవేదన. రాష్ట్రప్రభుత్వము ఆ విధానమును నిలిపివేసినది. దశబంధ మాన్యము పొందినవానికి చెరువు సొంతము కానట్లే, పోషణము వహించిన సంస్థకు పార్కు సొంతము కారాదు. కాలపరిమితి, ఉచితప్రవేశము, లెక్కల వెల్లడి అను మూడు షరతులు ఒడంబడికలో స్పష్టముగ నుండవలెను.

పేటవాసులనగ ఎవరు?

పౌరుల పాత్ర యనునప్పుడు ఆ పౌరులెవరను ప్రశ్న తప్పక వచ్చును. పెక్కుచోట్ల నివాసుల సంఘమనగ సొంత ఇండ్లుగలవారి సంఘమే. వారు మంచి ఉద్దేశముతోనే నియమములు చేయుదురు: బంతియాట కూడదు, పచ్చికపై కూర్చుండరాదు, మధ్యాహ్నము ద్వారము మూయబడును. ఈ నియమములు ఎవరిని వెలివేయుచున్నవో చూడవలెను. నడకకు ఉదయము, సాయంకాలము చాలును. కాని రెండిండ్ల పనుల నడుమ గంటసేపు విశ్రమింపగోరు పనిమనిషికి, సరకులు చేరవేయు యువకునికి, వీథి ఊడ్చిన కార్మికురాలికి నీడ కావలసినది మిట్టమధ్యాహ్నముననే. ఇంటిలో తావులేని పిల్లవానికి బంతియాటకు అదియే తావు. పెద్ద ఇండ్లవారికి పార్కు అదనపు సౌఖ్యము. ఒంటిగది కాపురము వారికి అదియే పెరడు.

ఈ విషయము తెలుగువారికి మరింత సన్నిహితమైనది. చెన్నై, బెంగుళూరు నగరముల పారిశుద్ధ్య కార్మికులలో తెలుగు మాతృభాషగ గలవారు పెద్దసంఖ్యలో కలరు. తరముల క్రిందట తెలుగుసీమనుండి వచ్చి ఆ నగరములను శుభ్రపరచుచున్న కుటుంబములవి. ముంబయి కామాఠీపురమునకు ఆ పేరు వచ్చినది తెలుగుదేశమునుండి వచ్చిన కామాఠీ శ్రామికుల వలననే. ముంబయి మిల్లులకును, షోలాపురపు మగ్గములకును పద్మశాలి కుటుంబములు తరలిపోయినవి. ఇరుకిండ్లలో బ్రదికిన ఈ తెలుగువారి బిడ్డలకు చెట్టునీడయు ఆటస్థలమును ఎంత అవసరమో ఊహింపవచ్చును.

ఉద్యానవనము ద్వారముపై తెలుగు ప్రముఖుని పేరు చూచి గర్వించుట సహజము. అదే ఉద్యానవనమును తెల్లవారకముందే ఊడ్చుచున్న స్త్రీ తెలుగు మాటలాడుచున్నదని ఎరిగినవారు ఎందరు? ఆమె బిడ్డకు సాయంకాలము ఆ తోటలో ఊయెల ఊగు చనువు కలదా? ఈ ప్రశ్నకు ఔనని చెప్పగలిగిననాడే ఆ పార్కు పేటవారందరిదైనట్లు. ఇది జాలికి సంబంధించిన విషయము కాదు. తోటను ప్రతిదినము చూచువారు వారే. ఏ కొళాయి కారుచున్నదో, ఏ కొమ్మ ఎండినదో, ఏ మూల చీకటియో వారికి తెలిసినంత ఇతరులకు తెలియదు. వారు లేని సంఘము కన్నులు మూసికొని నడచినట్లే.

పని ఆరంభించు విధము

పార్కును పునరుద్ధరింప దలచినవారు మొట్టమొదట చేయవలసినది విరాళముల సేకరణము కాదు, పరిశీలనము. ఒక వారముపాటు ఉదయము, మధ్యాహ్నము, సాయంకాలము పార్కులో ఎవరెవరు వచ్చుచున్నారో, ఎవరు రాకున్నారో లెక్కింపవలెను. స్త్రీలు, పిల్లలు, వృద్ధులు వేరువేరుగ గుర్తింపబడవలెను. రానివారిని ఇంటికి పోయి కారణ మడుగవలెను. పాఠశాల విద్యార్థులు ఈ పనిని చక్కగ చేయగలరు. అది వారికి లెక్కల పాఠమును, లోకజ్ఞానమును గూడ నేర్పును.

రెండవది స్థలము కాగితములు. పార్కు విస్తీర్ణమెంత, సరిహద్దులేవి, ఏ సంస్థ అధీనమున నున్నదో 2005 నాటి సమాచారహక్కు చట్టము ననుసరించి అడిగి తెలిసికొనవచ్చును. ఆ కొలతలను పార్కులోనే ఒక ఫలకముపై వ్రాయించినచో సగము ఆక్రమణభయము తీరును.

మూడవది కార్పొరేషనుతో వ్రాతపూర్వకమైన ఒప్పందము. నీరు, దీపములు, తోటమాలి వేతనము సంస్థ బాధ్యతలు. పర్యవేక్షణము, మొక్కలు నాటుట, కార్యక్రమముల నిర్వహణము పేటవారి బాధ్యతలు. పౌరులు ముందునకు వచ్చిరని సంస్థ తన బాధ్యతను వదలుకొనరాదు. స్వచ్ఛందసేవ జీతగాని కూడు తీయుటకు కారణము కారాదు.

నాలుగవది ఋతుధర్మము. చెన్నైకి ప్రధానవర్షము అక్టోబరు మొదలు డిసెంబరు వరకు కురియు ఈశాన్య ఋతుపవనము వలన లభించును. కావున తొలివానలకు ముందే గుంటలు త్రవ్వి, ఎరువు కలిపి, వానపడినవెంటనే మొక్క నాటవలెను. బెంగుళూరు, బరంపురము వంటిచోట్ల జూను వానలతో ఆరంభింపవచ్చును. జూను మొదటివారపు పర్యావరణ దినోత్సవమున చెన్నై ఎండలో నాటిన మొక్కలు పెక్కు ఆగస్టునాటికే ఎండిపోవుటకు ఉత్సవపు తేదీని అనుసరించి వాన తేదీని మరచుటయే కారణము. వేప, కానుగ, పొగడ, పొన్న, నేరేడు వంటి చెట్లు ఒకపరి వేళ్ళూనిన పిదప కొద్దిపాటి నీటితో నిలుచును. మొదటి రెండు వేసవులు మాత్రము ప్రతిమొక్కకును ఒక బాధ్యుడు పేరుపేరున ఉండవలెను.

ఐదవది లెక్కలు. వచ్చిన సొమ్ము, అయిన వ్యయము నెలనెల ఫలకముపై వ్రాయవలెను. ఆ ఫలకము ఆ రాష్ట్రభాషలోను, పేటలో పలువురు మాటలాడు భాషలలోను ఉండుట మంచిది. తెలుగు అల్పసంఖ్యాక భాషగ నున్నచోట ఒక చిన్న పార్కు సూచనలలో తెలుగు కనబడుట భాషకు గూడ మేలు. చెట్టు మొదట తమిళము లేక కన్నడము పేరుతోబాటు తెలుగు పేరునుంచిన, ఆ బడిపిల్లవాడు కానుగను, పొగడను పుస్తకములో గాక కంటియెదుట నేర్చును.

తెలుగు సంఘముల దశబంధము

పరభాషా రాష్ట్రములలోని తెలుగు సంఘములు ఉగాది సభలను, కవిసమ్మేళనములను, నాటకములను ఏటేట జరుపుచున్నవి. వీని కొరకు సభామందిరములను అద్దెకు తీసికొనుచున్నవి. పది సమావేశములలో ఒక దానిని పేటలోని చిన్న పార్కులో, ధ్వనివర్ధకము లేకుండ, ద్వారములు తెరచి జరుపుట కష్టమైన పని కాదు. ముందునాడు సభ్యులు వచ్చి ఆ స్థలమును శుభ్రపరచుట, ఆ దినమున పార్కులో పనిచేయువారిని అతిథులుగ పిలుచుట, సభానంతరము ఒక చెట్టునకైన రెండు వేసవుల బాధ్యత వహించుట ఇందు భాగములు. పదింట ఒకపాలు కావున దీనిని దశబంధమని పిలిచినను ఒప్పును.

సప్తసంతానములలో వనము ఒకటి కాగా, దానిని ప్రతిష్ఠించినవారి పేరులు నగరముల ద్వారములపై నిలిచియున్నవి. పానగల్ రాజా పేరును, నాగేశ్వరరావు పంతులుగారి పేరును నిలుపుటకు క్రొత్త ఫలకములు అక్కరలేదు. ఆ తోటలలో మధ్యాహ్నవేళ తెరచియున్న ద్వారము, నీరందిన చెట్టు, భయములేక ఆడుకొను బిడ్డ కావలెను. వీనిని సమకూర్చుటకు పెద్ద నిధికన్న, నెలకొక ఉదయము చేతిలో పారతో వచ్చు పదిమంది పేటవాసులు ముఖ్యము.